గంగులమ్మ ఊపిరి

పెనుకొండ చర్చిలో పాట ప్రతి పాదం చివర ఆగేది. ముందు బెంచీలో కూర్చునే గంగులమ్మ ఆయాసం అణచుకుని, గొంతు సవరించుకుని, మళ్ళీ పాటలోకి వచ్చేదాకా ఆగేది. ఆమెకు ఉబ్బసం. గొంతు మాత్రం గట్టిది. ఆమె అందుకోకపోతే వెనక బెంచీలు అందుకోవు. అందుకని పియానో ఆమెకోసం ఆగేది. పియానో ఆగింది కాబట్టి అందరూ ఆగేవాళ్ళు. చెన్నేకొత్తపల్లి నుంచో తలుపుల నుంచో వచ్చిన చుట్టాలు తెలియక ముందుకు పాడేసి, ఒంటరిగా మిగిలిపోయి, తల వంచుకునేవాళ్ళు.

ఆ పియానో మిషన్ దొరలు వదిలిపోయినది. పాస్టరు భార్య సుశీలమ్మ వాయించేది. ఆమె బెంగళూరు హాస్టల్లో చదువుకునేటప్పుడు నేర్చుకుంది. పెనుకొండకు వచ్చాక ఆ విద్యను పంచుకోవడానికి ఆమెకు మనుషులు దొరకలేదు. రైలు కట్ట మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేసే చిన్నప్ప కూతురు ప్రమీల ఒక్కటే దొరికింది. ఆ పిల్ల ప్రార్థన అయిపోయినా ఇంటికి పోకుండా పియానో పక్కన నిలబడేది. ఒకరోజు సుశీలమ్మ జరిగి చోటిచ్చింది.

సుశీలమ్మ చెప్పే పాఠం వేరుగా ఉండేది. వేళ్ళ గురించి తక్కువ, వినడం గురించి ఎక్కువ.

"హార్మోనియం అయితే తిత్తి ఊదేకొద్దీ స్వరం నిలబడతాది పాపా. ఇది అట్ల కాదు. కొట్టినప్పటి నుంచి చావడమే దీని పని. కొట్టినాక నీ చేతిలో ఏమీ లేదు. ఏమున్నా కొట్టక ముందే అనుకోవాల."

వాయించే ముందు పాదాన్ని నోటితో చెప్పించేది. పాడకూడదు, మామూలుగా మాట్లాడినట్టు చెప్పాలి.

"ఉప్పు అయిపోయింది అని చెప్పేదానికీ, బిడ్డ పోయినాడు అని చెప్పేదానికీ ఒకటే గొంతా?"

"కాదమ్మా."

"మరి నీ వేలు రెండూ ఒకటే మాదిరి చెప్పిందే!"

ఎడమచేతిని గురించి ఆమె అనేది: "అది ఇంటికొచ్చిన వియ్యపురాలు. ఉన్నట్టు తెలియాల. అన్నిటికీ నోరు పెట్టకూడదు."

పాదం చివరికి రాగానే సుశీలమ్మ చెయ్యి ఎత్తేది. "ఇప్పుడు గంగులమ్మ. ఆగు. ఆగు. ఆ, ఇప్పుడు పో."

చర్చి ఖాళీగా ఉన్న వారపు రోజుల్లో కూడా అట్లే అనేది. ప్రమీల ఖాళీ బెంచీ వైపు ఒకసారి చూసి, తర్వాతి స్వరం కొట్టేది. మెత్తగా కొట్టడం, గట్టిగా కొట్టడం, పెడల్ తొక్కడం, వదలడం, వీటితోపాటే గంగులమ్మ కూడా. ఆ పిల్లకు అన్నీ ఒకటే చదువు. ఇది పాటది, ఇది ముసలామెది అని ఎవరూ విడదీసి చెప్పలేదు.

తొంభై ఒకటిలో పాస్టరుకు బదిలీ అయింది. సుశీలమ్మ పోతూ పోతూ సంగీతం అచ్చేసిన కాగితాల కట్ట ఒకటి ప్రమీల చేతిలో పెట్టింది. అవి పాటలు కావు. ఎక్కడో యూరపులో ఎవరెవరో రాసుకున్న చిన్నచిన్న వాయిద్యపు ముక్కలు. వాటికి మాటలు లేవు. మాటలు లేకుండా భావం ఎట్లా తెలుస్తుందో ప్రమీలకు అర్థం కాలేదు. నేర్చుకున్న పద్ధతి ప్రకారం తానే వాటికింద మాటలు పెట్టుకుంది. నెమ్మదిగా సాగే ముక్క ఒకటి ఉండేది. దానికింద "అమ్మ ఇంకా రాలేదు, దీపం ఇంకా పెట్టలేదు" అని పెట్టుకుంది. ఆ మాటలు చెప్పుకుంటూ వాయిస్తే చెయ్యి తానే మెత్తబడేది. మాట ముగిసిన చోట ఆగేది. ఆగి, మళ్ళీ మొదలుపెట్టేది.

ఆ మరుసటేడు గంగులమ్మ చనిపోయింది. సమాధి చేసిన తర్వాతి ఆదివారం ప్రమీల మొదటి పాదం వాయించి, అలవాటుగా ఆగింది. ముందు బెంచీలో ఊపిరి తీసుకునే మనిషి లేదు. చర్చి అంతా ఆ నిశ్శబ్దంలో నిలబడిపోయింది. వెనక ఎవరో వెక్కారు. తర్వాతి పాదం అందుకునేటప్పటికి సగం మంది ఏడుస్తున్నారు.

బయటకి వచ్చాక సంఘపెద్ద రంగప్ప చిన్నప్ప భుజం మీద చెయ్యేశాడు. "ఏమప్పా చిన్నప్పా, నీ కూతురు వాయించేది కాదప్పా అది. ఏడిపించేది."

చిన్నప్ప ఆ మాటను రైలు కట్ట పొడుగునా మోసుకు తిరిగాడు.

ఆనాటి నుంచి ఆ ఆగడానికి ప్రమీల పేరు వచ్చింది. కొత్తగా చేరినవాళ్ళకు గంగులమ్మ ఎవరో తెలియదు. ప్రమీల వాయిస్తే పాటకు ప్రాణం వస్తుందని మాత్రం తెలుసు. ప్రాణం ఎక్కడుందని అడిగితే ఆ ఆగేచోటే చూపించేవాళ్ళు. గంగులమ్మ అనేది ప్రమీలకు కూడా మెల్లగా మనిషి పేరు కాకుండా పోయింది. సంగీతం ఊపిరి తీసుకునే చోటికి పేరైంది.

తొంభై నాలుగులో ఆమెకు పెళ్ళయింది. భర్త చంద్ర ధర్మవరం స్టేషన్లో బుకింగ్ క్లర్కు. నిదానస్తుడు. చర్చికి వస్తాడు, పాట మధ్యలో కునుకు తీస్తాడు. వాళ్ళు అద్దెకున్న ఇల్లు మగ్గాల వీధిలో ఉండేది. తెల్లవారినప్పటి నుంచి ఇటు గోడ అవతల ఒక మగ్గం, అటు గోడ అవతల ఇంకొక మగ్గం. ధర్మవరంలో ఆమెకు తెలిసిన పియానో లేదు. ఏడాదికొకసారి పెనుకొండ చర్చి పండుగకు పోయి వాయించడమే. ప్రమీల వడ్రంగి దగ్గర చెక్క తెచ్చుకుని, దాని మీద నలుపు, తెలుపు గీతలు గీసుకుని, వసారాలో పెట్టుకుని వాయించేది. పక్కింటి నాగక్క నూలు ఆరేసుకోవడానికి వచ్చి చూసేది.

"ఏమక్కా, కూరగాయలు తరుగుతాండావా? కత్తి యాడ?"

"వాయిస్తాండా."

"శబ్దం యాడ?"

"నాకు వినిపిస్తాది."

నాగక్క లోపలికి తిరిగి మొగుణ్ణి కేకేసింది. "వింటివా? ఈయక్క చెక్క మీద పాట వాయిస్తాదంట. మనం మగ్గం మీద దోసెలు పోద్దాం రా."

కొన్నాళ్ళకు నాగక్కకు అది అలవాటైంది. నూలు ఆరేసి కాసేపు కూర్చునేది. వినడానికి ఏమీ లేదు కాబట్టి చేతులు చూసేది. ఒకరోజు అడిగింది.

"మధ్యమధ్యలో చేతులు నిలబెడతావే, ఏమిటికి?"

"అది భావం నాగక్కా. ఆడ పాట ఊపిరి తీసుకుంటాది."

"మాకైతే చెయ్యి నిలబడిందంటే పోగు తెగినట్లే," అని నాగక్క లేచి పోయింది.

ప్రమీల నవ్వుకుంది. మగ్గానికి భావం ఎక్కడిది అనుకుంది.

తొంభై తొమ్మిదిలో చంద్రకు హిందూపురం బదిలీ అయింది. హిందూపురంలో బెల్లం మండీ వెంకటేశ్వర్లు ఇంట్లో పియానో ఉంది. బెంగళూరులో ఉండే బావమరిది కంటోన్మెంటు బంగళా ఒకటి కొన్నప్పుడు సామానుతోపాటు అదీ వచ్చింది. బావమరిదికి చోటు లేక బెల్లం లారీలో ఎక్కించి ఇక్కడికి పంపాడు. వెంకటేశ్వర్లు దాన్ని హాల్లో పెట్టించాడు. దాని మీద తిరుపతి పటం, పూలకుండీ పెట్టించాడు. తర్వాత, పెట్టె ఊరికే ఉండటమెందుకని కూతురు హేమలతకు నేర్పించాలనుకున్నాడు. చర్చివాళ్ళను విచారిస్తే ప్రమీల పేరు చెప్పారు.

ఆమె మొదటిరోజు పోయి మూత ఎత్తింది. ఐదేళ్ళు చెక్క మీద తిరిగిన వేళ్ళు. ఒక స్వరం కొట్టి, అది పూర్తిగా పోయేదాకా తల వంచుకుని కూర్చుంది. హేమలత తల్లి భారతి భయపడింది.

"ఏమైంది టీచరమ్మా, చెడిపోయిందా?"

"లేదమ్మా. బాగుండాది."

హేమలత చురుకైన పిల్ల. చెప్పింది చెప్పినట్టు పట్టుకునేది. ప్రమీల తాను నేర్చుకున్నట్టే నేర్పింది. మాట చెప్పించింది, ఎడమచేతిని అదుపులో పెట్టించింది, స్వరం చచ్చిపోవడం వినిపించింది. పాదం చివర చెయ్యి ఎత్తి "ఇప్పుడు గంగులమ్మ" అంది.

"గంగులమ్మ ఎవరు టీచర్?"

"మా చర్చిలో ఒక అవ్వ. ఉబ్బసం. ఆమె ఊపిరి తీసుకునేదాకా పాట ఆగేది. నువ్వు కూడా ఆమెను తలుచుకుని ఆగు. అప్పుడు వినేవాళ్ళ గుండె పట్టుకుంటాది."

పిల్లకు ఆ మాట నచ్చింది. ప్రతి పాదం చివర పెదవులు కదిలించి ఆ పేరు అనుకునేది. నాలుగేళ్ళు గడిచేసరికి ఆ చేతులు అచ్చం ప్రమీల చేతులు. హాలు బయట నిలబడి వింటే ఎవరు వాయిస్తున్నారో భారతికి కూడా తెలిసేది కాదు.

రెండువేల మూడులో వెంకటేశ్వర్లు పరీక్ష మాట ఎత్తాడు. బావమరిది పిల్లలు లండన్ బోర్డు పరీక్ష రాశారు. మన పాప ఎందుకు రాయకూడదు? బెంగళూరులో పరీక్ష. లండన్ నుంచి ఒక దొర వచ్చి వింటాడు. మూడు ముక్కలు వాయించాలి. బోర్డువాళ్ళ జాబితాలో తాను మాటలు పెట్టుకున్న ఆ నెమ్మది ముక్క ఉండటం చూసి ప్రమీల జాబితాను మళ్ళీ చదివింది.

ఇన్నేళ్ళలో ఆమె వాయింపును మెచ్చుకున్నవాళ్ళే అందరూ. మెచ్చుకున్నవాళ్ళలో ఆ విద్య తెలిసినవాళ్ళు లేరు. సుశీలమ్మ బదిలీ మీద బదిలీ అయి ఎక్కడో కన్నుమూసింది. ఇప్పుడు తెలిసిన చెవి ఒకటి రాబోతోంది. పాప చేతులతో తననే వినబోతోంది. తన దగ్గరున్నది సంగీతమో కాదో ఎవరో ఒకరు చెప్పబోతున్నారు. ఆమెకు కావలసింది అదొక్కటే. ఆ మూడు నెలలు జీతం లేని పూటలు కూడా వచ్చి కూర్చుంది. నెమ్మది ముక్కను మళ్ళీ మళ్ళీ వాయించింది, వాయించి చూపించింది.

"ఇంకొంచెం ఆగు హేమా. తొందరపడకు. ఆమెను రానీ."

పరీక్షకు ఆమెను తీసుకుపోలేదు. కారులో భారతి చెల్లెళ్ళు ఎక్కారు, చీరలు కొనడానికి. "చోటు చాల్లేదు టీచరమ్మా, ఏమనుకోవద్దు," అన్నాడు వెంకటేశ్వర్లు. ఆమె ఏమీ అనుకోలేదు. పాప పోతే తాను పోయినట్లే.

మరుసటిరోజు పోయేసరికి హాల్లో అందరూ ఉన్నారు. హేమలత తల వంచుకుని సోఫా అంచున కూర్చుంది. వెంకటేశ్వర్లు నవ్వుతున్నాడు. ఆ నవ్వు మండీలో ఎదుటి మనిషి సరుకును తక్కువ చేసేటప్పటి నవ్వు.

"రాండి టీచరమ్మా, రాండి. పాస్ అయితే అయినట్లే, దాన్ని గురించి కాదు. ఆ దొర ఏమన్నాడో మీరు వినాల. ఏయ్ హేమా, చెప్పు."

"నాయనా, వద్దు."

"చెప్పబ్బా. మీ టీచరమ్మ కూడా నవ్వుకుంటాది."

హేమలత ప్రమీల వైపు చూడకుండా చెప్పింది. "రెండోది, ఆ నెమ్మదిది, వాయించినాక ఆయన అడిగినాడు. ప్రతిచోటా ఎందుకు నిలబెడతావు, ఎవరన్నా రావాల్నా అని."

"నువ్వేమంటివి?" అంది ప్రమీల.

"గంగులమ్మ అంటి."

భారతి చెల్లెళ్ళు చీరల పొట్లాల మధ్య నుంచి పకపకా నవ్వారు.

"ఆమె ఎవరు అన్నాడు. ఉబ్బసం ఉండే అవ్వ, ఊపిరి తీసుకుంటాది అంటి."

"నవ్వినాడా?"

"లేదు టీచర్. మంచిగానే మాట్లాడినాడు. ఈ మ్యూజిక్‌లో ఆ అవ్వ లేదు, ఆమెను ఇంటికి పంపించి ఇంకోసారి వాయించు అన్నాడు." పాప సోఫా గుడ్డ గిల్లింది. "నాకు రాలేదు. మళ్ళీ ఆగినా."

వెంకటేశ్వర్లు తొడ చరుచుకున్నాడు. "చూస్తిరా! లండన్ దొర తావ పోయి పెనుకొండ గంగులమ్మ పేరు చెప్పి వచ్చింది నా కూతురు! అంత దూరం నుంచి వచ్చినోనికి మన ముసలామె ఉబ్బసం వినిపిస్తిమి."

ప్రమీల కూడా నవ్వింది. నవ్వక తప్పలేదు.

బెంగళూరులో ఒక మేడం దగ్గర పాపను చేర్పించారు. ఆదివారం ఆదివారం కారులో పోతుంది. ప్రమీలను మానిపించలేదు. "మీరు వారమంతా పక్కన కూర్చోండి చాలు, తప్పులు పోకుండా చూసుకుంటూ. మేడం చెప్పింది చేస్తాండాదో లేదో చూడండి," అన్నాడు వెంకటేశ్వర్లు. ప్రమీల పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. పియానో ముందు కుర్చీ కాదు, గోడవారగా ఉన్నది.

పాప కొన్నాళ్ళు వేరే ముక్కలు వాయించింది. నెమ్మది ముక్క జోలికి పోలేదు. ఎండాకాలం ముగిసే రోజుల్లో ఒక సాయంత్రం, చెప్పాపెట్టకుండా అది మొదలుపెట్టింది.

మొదటి పాదం ముగిసింది. ఆగలేదు. చివరి స్వరం ఇంకా సన్నగా చస్తుండగానే, దాని కడుపులోంచి రెండో పాదం పుట్టింది. ఊపిరి తీసుకోవడం ఉంది, కానీ నడుస్తూ తీసుకున్నట్టుంది. మూడో పాదంలో పైకెక్కే స్వరం ఒకటి ఉంది. ప్రమీల దాన్ని పన్నెండేళ్ళుగా వాయించింది. ఆగి, మళ్ళీ మొదలుపెట్టి వాయించడం వల్ల అది ఆమెకు ఎప్పుడూ ఒక ఆరంభంలా వినిపించేది. ఇప్పుడు అది చేరుకున్న చోటులా వినిపించింది. మొదటి రెండు పాదాలూ దానికోసమే బయలుదేరాయి. ఆ సంగతి ఆమెకు ఇంతకాలం తెలియదు.

ఆమె ఆ స్వరాల కింద తన మాటలు వెతికింది. అమ్మ ఇంకా రాలేదు, దీపం ఇంకా పెట్టలేదు. అవి అక్కడ లేవు. వాటి అవసరం లేదు. తప్పు వెతికింది. కావాలనే వెతికింది. పాప వాయింపు చప్పగా ఉందని, యంత్రంలా ఉందని అనుకోవాలని చూసింది. చెవి ఒప్పుకోలేదు. సుశీలమ్మ తయారుచేసిన చెవి అది. మంచిదాన్ని చెడ్డదనుకోవడం దానికి రాదు.

పాప తిరిగి చూసింది. "ఇట్ల బాగుండాదా టీచర్? లేకుంటే మన మాదిరే బాగుండాదా?"

"ఇట్లనే."

"మరి మీరు ముందే ఇట్ల ఏమిటికి చెప్పలేదు?"

"మాట్లాడకుండా వాయించు హేమా, పెద్దోళ్ళను అడిగే మాటేనా అది?" అంది వంటింట్లోంచి భారతి.

పాప పాలు తాగడానికి లోపలికి పోయినప్పుడు ప్రమీల పియానో ముందు కుర్చీలోకి మారింది. అదే ముక్క వాయించింది. మొదటి పాదం చివర ఆగకూడదని గట్టిగా అనుకుంది. చెయ్యి ఆగింది. మళ్ళీ మొదటి నుంచి వాయించింది. ఆగింది. ఈసారి ముందుకు తోసింది. తోసిన స్వరం మెడ పట్టి నెట్టిన మనిషిలా తూలి పడింది. కొట్టక ముందే అనుకోవాలని సుశీలమ్మ చెప్పింది. ఆమె అనుకుంటూనే ఉంది. ఆమె అనుకునే లోపలే చెయ్యి తాను నేర్చుకున్నది చేసేస్తోంది.

భారతి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "మీరు వాయిస్తేనే కడుపులో ఏదో అయితాది టీచరమ్మా. ఆ బెంగళూరామె నేర్పించేది గడగడా పోతాది."

ప్రమీల లేచి మళ్ళీ గోడవార కుర్చీలోకి పోయింది.

ఆ సంవత్సరం పెనుకొండ చర్చి పండుగకు ఎప్పటిలాగే ఆమెకు కబురు వచ్చింది. ఆమె ఇంట్లో పాత చెక్క ముందు పెట్టుకుని వారాల తరబడి సాధన చేసింది. నోటితో తాళం లెక్కపెట్టుకుంటూ, ఆగకుండా పోవడం నేర్చుకుంది. పది మంది ముందు, వాళ్ళ పాటలోనే, ఒక్కసారి సరిగ్గా వాయించాలి. సరిగ్గా వాయించగలనని తెలుసుకోవాలి. చంద్ర పేపరు దించి చూసి, "ఏమైంది, వంటికి బాగలేదా?" అన్నాడు. బాగానే ఉందంది.

చర్చి నిండింది. మొదటి పాదం ముగిసింది. ప్రమీల ఆగలేదు. మొదటిసారి చెయ్యి మాట వింది. పియానో ముందుకు పోయింది. జనం మాత్రం నోళ్ళు మూసుకుని అక్కడే నిలబడ్డారు. కొందరు కంగారుగా మధ్యలో అందుకున్నారు, కొందరు మొదటికి పోయారు. పాట చిరిగిన గుడ్డలా అయింది. ముసలి రంగప్ప లేచి నిలబడ్డాడు.

"ఏమ్మా ప్రమీలా, హిందూపురం బస్సు ఇప్పుడే ఉండాదా?"

చర్చిలో నవ్వు లేచింది. రెండో చరణంలో ఆమె చెయ్యి ఎవరూ చెప్పకుండానే ఆగింది. అందరూ ఆగారు. అందరూ కలిసి అందుకున్నారు. వెనక ఎవరో ముక్కు చీదుకున్నారు. పాత సుఖం తిరిగి వచ్చింది, ఆమెకు తప్ప. ఆమె ఆ నిశ్శబ్దంలో కూర్చుని, పాటలో లేనిదాన్ని పాదం పాదానికీ విన్నది.

ప్రార్థన ముగిశాక సంఘంలోని పోతులయ్య కోడలు తన కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"అక్కా, మా పిల్ల టేబుల్ కనపడితే చాలు, నీ మాదిరే వేళ్ళు ఆడిస్తాది. వారానికి ఒకసారి నేర్పించక్కా. అచ్చం నీ మాదిరే రావాల."

ప్రమీల పిల్ల చేతులు చూసింది. మంచి చేతులు. ఏది చెప్పినా పట్టుకునే వయసు.

"నా మాదిరి వద్దు."

"అట్లంటావేమక్కా? నీ మాదిరి ఇంకెవరు వాయిస్తారు?"

"పెద్దోళ్ళు అట్లే అంటారులేమ్మా. ఒప్పుకుంటాది," అన్నాడు రంగప్ప.

"లేదు మామా. నాకు కుదరదు." ఆమె గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "నేను నేర్పించను. ఇంక ఎవరికీ నేర్పించను."

పోతులయ్య కోడలు ముఖం మారింది. పిల్లను దగ్గరికి లాక్కుంది. "బెల్లం మండీ వాళ్ళ పిల్లకైతే కుదురుతాది. దుడ్లు ఉండేవాళ్ళు కదా. మా పిల్లకు ఎట్ల కుదురుతాది? సరేలేక్కా."

కారణం చెప్పాలంటే గంగులమ్మతో మొదలుపెట్టాలి. మీరు ఏడ్చిన చోట సంగీతం లేదని, ఒక ముసలామె ఆయాసం మాత్రమే ఉందని, నేను కూడా దాన్నే నమ్ముకున్నానని, ఆ చర్చిలో, ఆ మనుషుల ముందు చెప్పాలి. ప్రమీల మూత వేసింది. చుట్టూ చూస్తున్నవాళ్ళ మధ్య నుంచి బయటకి నడిచింది.

పెనుకొండలో ఆమెకు పొగరు అనే పేరు ఆ రోజు నుంచి నిలిచిపోయింది. ఆ తర్వాత కూడా పండుగకు పిలిచారు. ఆమె పోయి వాయించింది. అందరికీ కావలసినంత సేపు ఆగింది.